పందిట్లో ఎర్రబారిన కొమ్మ

శామీర్‌పేట చెరువు మత్తడి దుంకి, రోడ్డు మీద చేపలు ఎగిరిపడుతుంటే జనం కొంగుల్లో పట్టుకున్న వరద ఒకటి వచ్చింది కదా, అది పోయిన రెండో ఎండాకాలం సంగతి ఇది. అత్వెల్లిలో ఇప్పటికీ ఎవరి పెండ్లి ఎప్పుడైందని అడిగితే వరదకు ముందనో, వరద వెనుకననో చెప్తారు. గండయ్య ఇంట్లో మాత్రం లెక్క వేరు. ఈదమ్మకు గడ్డ కనపడక ముందు, కనపడినాక.

ఈదమ్మ అతని భార్య. వరద తగ్గిన మరుసటి ఏడు ఆమె కడుపులో గడ్డ తేలింది. పట్నంలో పెద్ద దవాఖానలో కోశారు, మందు ఎక్కించారు, జుట్టు రాలింది. గడ్డ మళ్లీ వచ్చింది. ఈసారి డాక్టరమ్మ ఆమె భుజం మీద చేయి వేసి, "ఇంటికాడనే ఉండమ్మా, మనసుకు నచ్చింది తిను" అన్నది. ఆ మాటకు అర్థం ఎవరినీ అడగవలసిన పని ఇద్దరికీ పడలేదు.

చావుకు ఈదమ్మ భయపడలేదు. ఆమె భయం ఇంకొకటి. గడ్డ తిరిగి వచ్చిన నాటి నుంచి ఆమె బల్ల తీసుకోవడం మానేసింది.

వాళ్లది ఊరి చివర రేకుల కప్పు కింద కూడుకునే చిన్న సంఘం. నెలలో మొదటి ఆదివారం బల్ల ఉంటుంది. ఒక్కొక్కరే ముందుకు నడిచి, ప్రభువు పేరు మీద రొట్టెముక్క, ద్రాక్షరసం తీసుకుంటారు. ఒప్పుకోని పాపం కడుపులో పెట్టుకున్నవాళ్లు తీసుకోకూడదు, వెనుకనే కూర్చోవాలి. ఎవరూ ఎవరినీ ఆపరు, ఎవరికి వారే ఆగుతారు. గట్టు తగాదా పడినవాడు, తాగి ఇంట్లో కొట్లాడినవాడు ఒక నెల ఆగి, సమాధానపడి మళ్లీ వస్తాడు. ఈదమ్మ చలికాలం మొదట్లో ఆగింది. ఎండలు ముదిరినా లేవలేదు. చావంటే పాపానికి ముట్టే కూలి అని చిన్నప్పటి నుంచి విన్న మనిషి ఆమె. తనకు ఇంత నొప్పితో కూలి ముట్టిందంటే తాను చేసిన పని ఏదో ఉండాలి. అది యాదికి రావడం లేదు. యాదికి రాని పాపాన్ని ఒప్పుకునేదెట్లా? ఒప్పుకోకుండా బల్ల ముట్టేదెట్లా?

గండయ్యకు కావలసింది ఒక్కటే. పోయేలోపల ఆమె ఒక్కసారి లేచి ముందుకు నడవాలి. దేవుని ముందర దొంగలాగా వెనుక గోడకు ఆనుకొని పోకూడదు. కానీ ఆ మాట ఆమెకు చెప్పేదెట్లాగో అతనికి చేతకాలేదు. గండయ్య మాట్లాడే మనిషి కాదు. ఆయనతో ముచ్చట పెట్టేకన్నా ఆయన ద్రాక్షతీగతో పెట్టుకోవడం నయం, అదన్నా గాలికి తల ఊపుతుంది అని ఊళ్లో నవ్వేవాళ్లు.

ఆ తీగ సంగతి కూడా చెప్పాలి. మేడ్చల్ చుట్టుపక్కల ఇప్పుడు వెంచర్ల గేట్లు నిలబడ్డ జాగాల్లో ఒకప్పుడు ద్రాక్షతోటలుండేవి. గండయ్య మీసం రాకముందే తోటలో చేరి, తోట ప్లాట్లయ్యేదాకా అందులోనే పనిచేశాడు. తోట పోయింది, అతని వాకిట్లో ఇనుప పైపుల పందిరి మీద ఒక్క తీగ మిగిలింది. పండ్లు ఎర్రటివి. ప్రతి ఎండాకాలం ఈదమ్మ ఆ పండ్లను పిసికి, కాచి, తెల్లగుడ్డలో వడగట్టి సీసాలు నింపేది. సీసాలు పక్కింటి విజయమ్మ ఫ్రిజ్‌లో ఉండేవి. సంఘంలో బల్ల మీది రసం ఎన్నో ఏండ్లుగా అదే.

ఆ శనివారం పొద్దున గండయ్య గుత్తులు కోసి గంప నింపాడు. తెల్లవారితే బల్ల. పాత సీసాలు అయిపోయాయి. గంప తెచ్చి ఈదమ్మ మంచం పక్కన పెట్టాడు.

"ఏమే, కాయ గోసిన."

ఆమె గంప వైపు చూసి చేతులు కొంగులోకి లాక్కుంది. "నా చెయ్యి వడొద్దయ్యా గిండ్ల. విజయను పిలువు."

విజయమ్మ అప్పటికే గుమ్మంలో ఉంది, గిన్నెలో అంబలి పట్టుకొని. ఈదమ్మకు రోజూ నోట్లో ఏదో ఒకటి పడిందాకా ఆమెకు ముద్ద దిగేది కాదు. తల నిమురుతూ తాగిస్తూనే, తనకు తెలిసిన మందు కూడా చెప్పింది.

"దేవుడు ఊకె కొట్టడు వదినా. ఏదో ఒకటి ఉంటది, మంచిగ యాదిజేస్కో. నోరు దెరిసి చెప్పుకుంటె తేలికైతది."

"యాదొచ్చిందే విజయా," అన్నది ఈదమ్మ. "నా పేరు."

"పేరేంది వదినా?"

"నా కంటె ముందు మా అమ్మకు ఇద్దరు వోయిన్రు. నేను నిలవాలని ఈదమ్మ తల్లికి మొక్కి ఆ పేరు వెట్టింది. బాప్తిస్మం అప్పుడు పాత అయ్యగారు పేరు మార్సుకోమన్నడు. నేనే ఒద్దన్న. మా అమ్మ పిలిచిన పేరు నాకు ముద్దు. సూడు మరి, ఊరి దేవత పేరు మోసుకుంట ప్రభువు బల్ల ముట్టిన ఇన్నేండ్లు." ఆమె గండయ్య వైపు తిరిగింది. "అయ్యగారితోని చెప్పి మార్పియ్యి. రూతమ్మనో, మార్తమ్మనో. ఇయ్యాల్టి సంది నన్ను గా పేరుతోని పిలువకు."

గండయ్య ఆమెను పేరు పెట్టి పిలిచిందే తక్కువ. "ఏమే" అంటే చాలేది. కానీ పిలవొద్దనేసరికి, పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు, అతని మనసు మాటిమాటికీ ఆ పేరు మీదికే పోయింది.

మధ్యాహ్నం దుండిగల్ నుంచి మనవరాలు అంకిత స్కూటీ మీద వచ్చింది. అక్కడ ఒక కాలేజీలో జీవశాస్త్రం చెబుతుంది. ఆమె హెల్మెట్ తీస్తుండగానే పాస్టరు జైపాల్ కూడా వచ్చాడు. వారమంతా కొంపల్లిలో బడి వ్యాను నడిపి, ఆదివారం వాక్యం చెప్పే మనిషి. ఖాకీ చొక్కా మీదనే ప్రార్థనకు వచ్చాడు. అంకిత అతన్ని పందిరి కిందనే ఆపింది.

"అయ్యగారూ, మా అవ్వకు పాపముందని మీరే చెప్పిన్రా?"

"నేను గట్లనలే బిడ్డా. ప్రార్థన జేస్కొని లోపల ఎతుక్కో అన్న."

"రెండూ ఒకటే గద. లేనిదాన్ని ఎతుకుకుంట మా అవ్వ ఆఖరికి పేరును వట్టుకున్నది."

జైపాల్ పందిరి గుంజకు ఆనుకున్నాడు. "ఒకటే అయినట్టుంది," అన్నాడు నెమ్మదిగా.

ఆ ఒప్పుకోలుకు అంకిత గొంతు కొంచెం దిగింది. "మన ఒంట్ల ప్రతి కణం తనను జూసి ఇంకోటి తయారు జేస్తది. ఎన్ని కోట్లసార్లో. అండ్ల ఒకసారి తప్పు జరుగుతది. గా తప్పులు ఒకదాని మీద ఒకటి పేరుకునే చేప గట్టుకెక్కింది, పక్షికి రెక్కలొచ్చినయ్, మనమొచ్చినం. తప్పే జరగకుంటె ఇంకా బురదల పాచి తీర్గ ఉండేటోళ్లం. గసుంటి తప్పే మా అవ్వ కడుపుల జరిగింది. గంతే. అవ్వ జేసిందేం లేదు."

"కోతులకెల్లి వచ్చినమంటవా?" లోపలి నుంచి విజయమ్మ కేకేసింది. "మీ తాతను జూస్తె నిజమే గావొచ్చు. పొద్దున ఎక్కితె పందిరి దిగడు."

గండయ్య నిచ్చెన మీద ఉన్నాడు. దిగలేదు.

"నవ్వకు అమ్మమ్మా. మనిషి పుట్టకముందే రాక్షసబల్లులు పుట్టినయ్, సచ్చినయ్. వాటి బొక్కలు దొరికినయ్. గా బొక్కలల్ల గూడ గడ్డలున్నయ్ అయ్యగారూ. మా అవ్వకున్నసుంటియే. గవి ఆదాము తీర్గ ఏ పండు తిన్నయ్?"

జైపాల్ గుంజను వదిలి ఆమెకు ఎదురుగా వచ్చాడు. "క్లాసుల గిది చెప్పుకుంటనే ఆదివారం మందిరానికి వస్తుంటివి. నడుమ నీకు పరేషాన్ కాదా?"

"అయితది. అందుకే వస్తలే." అంకిత కళ్లు తుడుచుకుంది. "దేవుణ్ణి ఇడ్వలే అయ్యగారూ. అవ్వను దోషిని జేసే మాటను ఇడ్సిన."

"నాకు గా బొక్కల సంగతి తెల్వది. నువ్వు సదివినవ్, నీ మాట కాదనను. నాకు తెలిసింది గీ ఒక్క పుస్తకమే. గిండ్ల ఒకటి నన్ను గూడ శాన్నాళ్ల సంది పొడుస్తాంది. పండు తింటె ఆ దినమే సస్తవని చెప్పిండు దేవుడు. ఆదాము తిన్నడు. ఆ దినం సచ్చిండా? సావలే. తొమ్మిది వందల ఏండ్లు బతికి పిల్లల్ని గన్నడు. దేవుడు అబద్ధమాడడు. మరి ఆ దినం సచ్చిందేంది?"

విజయమ్మ కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అప్పుడు నిచ్చెన మీది నుంచి ఒక మాట రాలింది.

"దాక్కున్నడు."

"ఏందన్నవ్ తాతా?"

"తిన్నంక చెట్ల సాటుకు దాక్కున్నడు గద. దేవుడు ఏడున్నవంటె ముందటికి రాలే." అంతే అని గండయ్య మళ్లీ ఆకుల్లోకి తల పెట్టాడు.

"గదే," అన్నాడు జైపాల్. అతని ముఖం వెలిగింది. "నేను గూడ గట్లనే అనుకుంటున్న, ఎవ్వరికి జెప్పలే గని. ఒళ్లు మట్టిల కలిసుడు ముందటి సంది ఉన్నదే గావొచ్చు, చేపకు, పక్షికి, మనకు. గది శిక్ష గాదు. దేవునికి మొఖం సాటేసుడు మాత్రం మనిషి తెచ్చుకున్నది. పాపంతోని వచ్చిన సావు గదే. ప్రభువు వచ్చింది గా దాక్కున్నోన్ని ఎతికేందుకే."

"మరి నొప్పి?" అన్నది అంకిత. "తప్పు జరిగేటట్టే లోకాన్ని జేసినోడు, మా అవ్వకు ఇంత నొప్పి ఎందుకు వెట్టిండు?"

"తెల్వది బిడ్డా," అన్నాడు జైపాల్.

దానికి అతను ఇంకేమీ అతికించలేదు. అందుకు గండయ్యకు ఆ మనిషి మీద ప్రేమ కలిగింది.

కానీ లోపల ఈదమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ప్రార్థన చేస్తానని జైపాల్ లోపలికి పోతే కొంగు ముఖం మీదికి లాక్కొని, "పేరు మార్చినంక రాండ్రి అయ్యగారూ" అన్నది. జైపాల్ గుమ్మంలోనే తల వంచి ప్రార్థన చేసి, వ్యాను దగ్గరికి వెళ్లిపోయాడు.

పొద్దు వాలింది. విజయమ్మ ఇంటికి పోయింది, అంకిత పొయ్యి దగ్గర చేరింది. గండయ్య పండ్లు కడిగి, పెద్ద గంజుగిన్నెలో పోసుకొని, ఈదమ్మ మంచం పక్కనే నేల మీద కూర్చొని పిసకడం మొదలుపెట్టాడు. అతని చేతులు కత్తెరకు అలవాటు పడ్డవి, పండుకు కావు. రసం మోచేతుల దాకా కారింది. ఎర్రటి రసం.

ఆ ఎరుపు చూస్తుంటే అతనికి తోట గుర్తొచ్చింది. పటేలు తోటంతా తెల్ల పండ్లే, అనాబ్‌షాహీ. ఒక ఏడు ఒక చెట్టుకు ఒకే ఒక్క కొమ్మ ఎర్రబారింది. అదే మొదలు, అదే నీళ్లు, అదే ఎరువు, పక్క కొమ్మ తెల్లగానే ఉంది. ముట్టైన ఆడది ఎవతో పందిరి కిందికి వచ్చింది, తీగ మైలపడ్డది అన్నాడు మేస్త్రీ. కూలి ఆడవాళ్లను వరుసగా నిలబెట్టి అడిగారు. నోరున్న పిల్ల, తనతో పెండ్లై ఏడాది నిండని ఈదమ్మ మీదికి నేరం నెట్టారు. ఆ పిల్ల ఏడవలేదు. "నేను ముట్టుకుంటె ఎర్రగైతదా? అయితె మిరపతోటకు నన్నే పిలువుండ్రి, జల్దీ పండిస్త" అన్నది. తోటంతా నవ్వింది. ఆ పూటనే ఆమెను పనిలోంచి తీసేశారు. కొమ్మను నరికెయ్యమన్నారు. నరికింది గండయ్యే. నరికిన కొమ్మను పారెయ్యకుండా తడి గోనెలో చుట్టి ఇంటికి తెచ్చి, వాకిట్లో నాటాడు. ఎందుకు నాటావని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

గండయ్య చేతులు ఆగాయి.

"ఏమే. నిద్రవోయినవా?"

"లే."

"తోటల కొమ్మ ఎర్రగైనప్పుడు నీ మీదికి నెట్టిన్రు, యాదుందా?"

గండయ్య గంజును మంచం దగ్గరికి జరుపుకున్నాడు.

"నువ్వు ముట్టుకుంటె కాలే అది. ఎవ్వలు ముట్టుకున్నా కాలే. నాకు తెలుసు, దాని పక్కపొంటి దినాం తిరిగినోన్ని. దానంతటదే అయింది. పిల్ల చెప్పింది గదేనట. తీగల అయితది, ఒంట్ల అయితది." అతను ఊపిరి తీసుకున్నాడు. ఇంత పొడుగు మాట అతని నోటికి కొత్త. "గప్పుడు మేస్త్రీ నెట్టిండు నీ మీదికి. నువ్వు నవ్వినవ్. గిప్పుడు నీ మీదికి నువ్వే నెట్టుకుంటున్నవ్. నవ్వుతలేవ్."

ఈదమ్మ తిరగలేదు. కానీ కొంగు ముఖం మీది నుంచి జారింది.

"పండు తిన్నోడు దాక్కున్నడు," అన్నాడు గండయ్య. "నువ్వు తినకుంటనే దాక్కుంటివి. దేవుడు ఏడున్నవే అని పిలుస్తుంటె గోడ దిక్కు జూస్తున్నవ్. నువ్వు గట్లనే వోతె..."

అతనికి మాటలు అయిపోయాయి. తల వంచుకొని మళ్లీ పిసికాడు, చేతుల్లో ఉన్న బలమంతా పండ్ల మీద పెట్టి. గంజులో గింజలు పటపటమన్నాయి.

"అయ్యో, గట్ల గాదయ్యా!" ఈదమ్మ మోచేతి మీద లేచింది. "గింజ పగిలితె రసం చేదెక్కుతది. ఇన్నేండ్లు జూసి గదే నేర్సినవా? ఎవ్వలు తాగుతరది?"

"నాకేమెరుక."

"జరుగు. ఓ అంకితా, చెయ్యి గడుక్కుంట, చెంబుల నీళ్లు తే."

అంకిత చెంబు తెచ్చి అవ్వ చేతుల మీద నీళ్లు పోసింది. ఈదమ్మ రెండు చేతులూ గంజులో పెట్టింది. వేళ్ల మధ్య పండు చిట్లి, గింజ పగలకుండా జారిపోయేటట్టు, మెల్లగా. నాలుగు గుప్పెళ్లకే ఆయాసం వచ్చింది. ఆగింది, మళ్లీ పెట్టింది. ఆమె బుగ్గల మీద కారేది ఏమిటో గండయ్య చూడలేదు, తల పక్కకు తిప్పుకున్నాడు.

"మిరపతోటకు పిలువుండ్రి అన్న గద," అన్నది ఆమె కొంతసేపటికి. "మేస్త్రీ మొఖం నల్లగైంది."

"ఊ."

"తీసేసిన్రు గాని, మస్తు నవ్విన్రు ఆ దినం."

ఆదివారం మందిరంలో వెనుక గోడ దగ్గర ఆమె కోసం ఎప్పటిలాగే కుర్చీ వేశారు. వరుస కదిలింది. గండయ్య తన వంతు వచ్చినా లేవలేదు, ఆమె పక్కనే కూర్చున్నాడు. అందరూ తీసుకున్నాక కూడా జైపాల్ గిన్నె మీద గుడ్డ కప్పలేదు. తొందర లేనివాడిలాగా నిలబడ్డాడు. విజయమ్మ ఎత్తుకున్న పాట అయిపోయింది, ఆమె మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

ఈదమ్మ కుర్చీ చేతులు పట్టుకొని లేచింది. ఒకవైపు అంకిత, ఒకవైపు గండయ్య. నడుమ ఒకసారి ఆగి, అంకిత చెవిలో "నువ్వు గూడ తీస్కో పిల్లా, నన్ను నిలవెట్టి నువ్వు దాక్కోకు" అన్నది. అంకిత నవ్వబోయింది, కానీ ఏడ్చింది. ముగ్గురూ ముందుకు చేరారు.

జైపాల్ వంగి రసం అందిస్తుంటే ఈదమ్మ అతని చేయి ఆపింది.

"పేరు సంగతి ఇడ్సిపెట్టుండ్రి అయ్యగారూ. మా అమ్మ పిలిచింది. గా పేరుతోనే పిలుస్తడు దేవుడు గూడ, ఆయనకు నేను కొత్తదాన్నా?"

"సరే అమ్మా," అన్నాడు జైపాల్.

ఆమె తాగింది. నాలుకతో పెదవి తుడిచి, గండయ్య వైపు చూసి, "కొంచెం చేదెక్కింది" అన్నది.

మరునాడు పొద్దున గండయ్య కత్తెర తీశాడు. కాపు అయిపోయినాక ఎండాకాలంలో తీగను కత్తిరించాలి, లేకపోతే వచ్చే ఏడు ఆకే గాని కాయ ఉండదు. ఆ ఏడు అతను ఆ పని ముట్టొద్దనే అనుకున్నాడు. ఎవరి కోసం కత్తిరించాలో తెలియక. ఇప్పుడు మంచాన్ని పందిరి కిందికి తెచ్చి, ఈదమ్మను ఎత్తుకొచ్చి పడుకోబెట్టి, నిచ్చెన వేసుకున్నాడు.

"నేను తినని కాయకు కత్తిరిస్తున్నవా?" అన్నది ఆమె, కింది నుంచి.

"ఊ."

"మంచిగ కత్తిరియ్యి మరి. గా మూలకు ఒకటి ఇడ్సినవ్ సూడు."

అతను ఆ మూలకు జరిగాడు. ఒక్కో తీగకు రెండేసి చిగురుకన్నులు ఉంచి మిగతాదంతా కోసుకుంటూ వచ్చాడు. కోసిన చోట నీరు ఊరి బొట్లు బొట్లుగా కారింది. పందిరి మీద నీడ తగ్గి, ఎండ మంచం మీదికి పాకింది. బాగున్న పుల్లలు నాలుగు ఏరి, అంకిత ఇంటి దగ్గర నాటుతుందని, తడి గోనెలో చుట్టి పక్కన పెట్టాడు. చివరికి పెద్ద కొమ్మ మిగిలింది. కత్తెర దాని మీద పెట్టి, కిందికి చూశాడు.

"ఈదమ్మా, కాళ్లు జరుపు. కొమ్మ వడ్తది."

ఆమె కాళ్లు ముడుచుకుంది. అతను కోశాడు.